అమ్మ భుజం అప్పుడు కనిపించింది
చిత్రకారిణి అమృతా షేర్‌గిల్ ఆడవాళ్ల గురించి ఆలోచించిన తీరును మన చిత్రకారులు తెచ్చుకుంటే సొంత ముద్ర పోతుందని ఒక వ్యాసంలో ఎవరో రాశారు. నాకైతే సొంతది దొరికిందే ఆమె వల్ల. మాది పుట్టపాక దగ్గర చేనేత కుటుంబం. మొదట్లో నేనూ చంకన కడవ, నుదుట పెద్ద బొట్టు, పెదాల మీద నవ్వు, ఇట్లాంటి ఆడవాళ్లనే గీసేదాన్ని. కొనేవాళ్లు అవే అడిగేవాళ్లు. ఆమె 1935లో వేసిన ‘ముగ్గురు అమ్మాయిలు’ ప్రింటు ఒకసారి చేతికొచ్చింది. ముగ్గురూ పక్కపక్కనే కూర్చుని ఉంటారు, ఒక్కరూ మనవైపు చూడరు. ఎవరి దిగులు వాళ్లదే. చూసేవాళ్ల కోసం ముస్తాబు కాని ఆడమనిషిని కూడా బొమ్మలో పెట్టొచ్చా అనిపించింది. ఆ రాత్రి గుర్తొచ్చింది మా అమ్మ ఆసు పోసే తీరు, అంటే నేతకు ముందు మేకుల చుట్టూ దారం తిప్పే పని. ఒక్క చీరకు దాదాపు 9,000 సార్లు చెయ్యి అటూ ఇటూ తిప్పాలి. పొద్దుగూకే సరికి కుడి భుజం ఎడమదాని కంటే కిందికి జారేది, అన్నం కలుపుకోవడానికి కూడా చెయ్యి లేచేది కాదు. (ఆలేరు ప్రాంతపు చింతకింది మల్లేశం గారి ఆసు యంత్రం పుణ్యమా అని ఇప్పుడు ఆ కష్టం చాలామందికి తప్పింది.) ఇన్నేళ్లూ పక్కనే ఉండి ఆ భుజాన్ని నేను ఒక్కసారీ గీయలేదు. అయితే ఒకటి ఒప్పుకుంటా. షేర్‌గిల్ రంగులను కూడా దింపుకున్న నా తొలి బొమ్మలు రెండూ చచ్చుగా వచ్చాయి. మా ఇంటి గోడకు నీలం సున్నం, అమ్మది వెలిసిన ఎర్రచీర. ఆ రెండు రంగులూ పడ్డాకే అమ్మ వచ్చి ఆసు ముందు కూర్చుంది.