బుడగ లేచిన టైరుకు ప్యాచ్ ఏంటండీ!

225/45 ఆర్17 సైజు కారు టైరు సైడ్‌వాల్ (పక్క గోడ) ఎత్తు పది సెంటీమీటర్లే. గుంత అంచుకీ అల్లాయ్ రిమ్ముకీ మధ్య అది నలిగితే లోపలి దారాలు తెగుతాయి, పక్కన కోడిగుడ్డంత బుడగ లేస్తుంది. పంక్చర్ షాపుల్లో దానికి ప్యాచ్ వేసి పంపేస్తారేంటండీ! ప్యాచ్ గాలిని ఆపుతుంది గానీ తెగిన దారాల్ని అతకదు. హైవే మీద వేడెక్కి పగిలితే ఎవరిది బాధ్యత? ఆ టైరు మార్చాల్సిందే, వేరే దారి లేదు.

గాలి సంగతి ఇంకా ఘోరం. డోరు దగ్గర స్టిక్కరు మీద గాలి ఒత్తిడి 33 పాయింట్లు (పీఎస్ఐ) అని ఉన్నా అడక్కుండా 40 కొట్టేస్తారు. అప్పుడు టైరు నడిమధ్యలోనే అరిగిపోతుంది, నేలను పట్టే భాగం తగ్గుతుంది, గుంత దెబ్బ నేరుగా నడుముకే. బండి కనీసం మూడు గంటలు ఆగాక, టైరు చల్లగా ఉన్నప్పుడు గాలి చూడాలి. దూరం నడిపి వచ్చిన వేడి మీద నాలుగైదు పాయింట్లు ఎక్కువ చూపిస్తుంది, ఆ ఎక్కువ గాలిని తీసేయకూడదు.