కామత్‌కు నివాళి పన్ను నిబంధనల్లో కనిపించాలి

'నేచురల్స్' ఐస్‌క్రీం వ్యవస్థాపకుడు రఘునందన్ కామత్ 2024 మే 17న ముంబయిలో కన్నుమూశారు. కర్ణాటక తీరంలోని ముల్కి నుంచి వచ్చిన పండ్ల వ్యాపారి కొడుకు 1984లో జుహూలో పావ్‌భాజీతో పాటు ఐస్‌క్రీం అమ్ముతూ ఎంత ఎదిగారో పాఠకులకు తెలిసిందే. చిత్తూరు, తిరుపతి జిల్లాల్లో ఒక సామాన్య కుటుంబం అదే పని చేసి నిలదొక్కుకోగలిగిన రోజున ఆయనకు తగిన నివాళి అందినట్లని నా నిశ్చితాభిప్రాయం.

ఆయన గొప్పతనం పండును ఎరిగి ఉండటంలో ఉంది. సీతాఫలాన్నే తీసుకోండి. మాగిన కాయ ఒకటి రెండు రోజుల్లోనే నల్లబడుతుంది. గుజ్జు ప్రతి గింజనూ అంటిపెట్టుకుని ఉంటుంది. దానిని కాచితే చేదెక్కుతుంది. అందుకే పాలను ముందే కాచి చల్లార్చి, ఆ తరువాతే గుజ్జు కలపాలి. ఇంత సున్నితమైన పనికి తోటకు దగ్గరగా, పండు చూసి పట్టుకోగల మనుషులున్న చిన్న తయారీ కేంద్రమే అనువైనది. రాయలసీమ గుట్టల మీద సీతాఫలం విరగకాస్తుంది, మన పల్లెల్లో పాడికి కొరత లేదు.

అడ్డంకి చట్టంలో ఉంది. జీఎస్టీలో ఏటా కోటిన్నర లోపు టర్నోవర్ ఉన్న చిన్న తయారీదారులు ఒక శాతం పన్ను కట్టి లెక్కల బరువు తగ్గించుకునేందుకు కాంపొజిషన్ పథకం ఉంది. పాన్ మసాలా, పొగాకు తయారీదారులతో పాటు ఐస్‌క్రీం తయారీదారులనూ 2017లోనే దాని నుంచి మినహాయించారు. చాలా సరకుల తయారీదారులకు 40 లక్షల టర్నోవర్ దాకా జీఎస్టీ రిజిస్ట్రేషన్ అవసరం లేకపోగా, వీరికి ఆ పరిమితి 20 లక్షలే. పాలూ పండ్లూ కలిపి పిల్లలకు పెట్టే పదార్థాన్ని గుట్కా సరసన కూర్చోబెట్టడం అన్యాయం. 2025 సెప్టెంబరు 22 నుంచి ఐస్‌క్రీంపై పన్ను 18 నుంచి 5 శాతానికి తగ్గడం మంచిదే అయినా, ఈ తలుపు మాత్రం తెరుచుకోలేదు.

ప్రధాన ముడిసరుకైన పాలపై పన్ను లేదు గనుక, ఈ వెసులుబాటు కూడా ఇస్తే రాబడి పోతుందన్నది అధికారుల వాదన. పన్ను లేని ముడిసరుకుతో నడిచే చిన్న పరిశ్రమలు ఇంకెన్నో ఆ పథకంలో ఉండగా, ఈ ఒక్కదానినే వేరు చేయడానికి అది చాలదు. ఢిల్లీ హైకోర్టు సైతం 2021లో ఈ మినహాయింపును పునఃపరిశీలించాలని జీఎస్టీ మండలిని ఆదేశించింది.

ఇది ఐస్‌క్రీంతో ఆగే విషయం కాదు. 2025లో తోతాపురి మామిడి ధర కుప్పకూలినప్పుడు మన రైతులు గుజ్జు ఫ్యాక్టరీల ముందు ట్రాక్టర్లతో పడిగాపులు పడ్డారు. కిలోకు ఫ్యాక్టరీలు 8 రూపాయలు చెల్లించాలని చెప్పి, ప్రభుత్వం మరో 4 రూపాయలు కలపాల్సి వచ్చింది. కొనేవారు గుప్పెడు మందే అయినంత కాలం ప్రతి సీజన్‌లోనూ ఇదే దుస్థితి. ఊరూరా పండు కొని అక్కడికక్కడే సరకుగా మార్చే కుటుంబ పరిశ్రమలు పెరిగితేనే రైతుకు బేరమాడే బలం వస్తుంది. జీఎస్టీ మండలి తదుపరి సమావేశంలో ఈ మినహాయింపు ఎత్తివేతను మన రాష్ట్ర ఆర్థిక మంత్రి స్వయంగా ప్రతిపాదించాలి. అందుకోసం ఈ రెండు జిల్లాల శాసనసభ్యులు పార్టీలకు అతీతంగా ఆయనపై ఒత్తిడి తేవాలి.