సీత పేరులో చోటు అడుగుతున్న హెచ్ గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన హెచ్ గారికి,

నమస్కారములతో వ్రాయునది. ఆంగ్ల వర్ణమాలలో ఎనిమిదవ స్థానం అలంకరించిన తమరికి మా అమ్మాయి పేరులో చోటు ఇవ్వాలో వద్దో తేలక ఈ లేఖ రాయవలసి వచ్చింది. పేరు గురించి మా ఇంట్లో తగవు లేదు. సీత అని పెట్టుకున్నాం. బారసాల నాడు పళ్లెంలో బియ్యం పోసి ఉంగరంతో ఆ రెండక్షరాలు రాసినప్పుడు పురోహితుడు గానీ, పీటల మీద కూర్చున్న మేము గానీ, వెనక నిలబడి తొంగిచూసిన బంధువులు గానీ దీర్ఘం ఎక్కడ, ఒత్తు ఎక్కడ అని అడగలేదు. ఆ తర్వాత పురపాలక కార్యాలయానికి ఇవ్వవలసిన దరఖాస్తులో ఇంగ్లీషు గడులు నింపబోయినప్పుడే తమరు ప్రవేశించారు.

ఎస్-ఐ-టి-ఏ అని రాయాలా, ఎస్-ఈ-ఈ-టి-ఏ అనా, లేక ఈ రెండింటిలోనూ టి పక్కన తమరిని కూర్చోబెట్టాలా అన్న చర్చ మొదలైంది. తమరు లేకపోతే పిల్లను బడిలో అందరూ ‘సీటా’ అంటారని మేనత్త గారి భయం. ఎలా రాసినా డల్లాస్ టీచరు అలాగే అంటుందని అక్కడ ఉన్న మా బాబాయి ధైర్యం.

తమరి కొలువు సంగతి కొంచెం విచారించాను. ఇంగ్లీషులో త అనే ధ్వనికి సొంత అక్షరం లేదు కాబట్టి, టి పక్కన తమరు ఉంటే త అని, లేకపోతే ట అని చదువుకోవాలని మన దక్షిణాదివాళ్లం ఒక ఒప్పందానికి వచ్చాం. తమిళులు, మలయాళీలు, కన్నడిగులు కూడా చాలావరకు దీనికి కట్టుబడినవారే. వింధ్య దాటితే ఈ ఒప్పందం చెల్లదు. అక్కడ త కు టి ఒక్కటే చాలు, తమరు వచ్చి చేరితే అది ఒత్తు థ అవుతుంది. అందువల్ల మన లలిత, స్వాతి, సునీత ఢిల్లీలో రైలు దిగేసరికి లలిథ, స్వాథి, సునీథ అవుతారు. అక్కడి నుంచి బయలుదేరిన గీత కాజీపేట చేరేసరికి గీటా అవుతుంది. పోనీ, ఇక్కడైనా నిజమైన థ కు వేరే ఏర్పాటు ఉందా అంటే అదీ లేదు. శ్రీకాంత్‌లో త కూ, విశ్వనాథ్‌లో థ కూ తమరే దిక్కు, రెండు కొలువులకూ ఒకటే వేషం.

అసలు విచిత్రం శ దగ్గర ఉంది. శివ, శంకర్, శ్యామల వంటి పేర్లలో ఎస్ పక్కన తమరు నిలబడితే స కూ శ కూ తేడా తెలిసేది. కానీ అక్కడ మనవాళ్లు చాలామంది తమరిని గుమ్మంలోంచే పంపించేస్తారు. శేఖర్ గారి పేరు చూడండి: మొదటి అక్షరం దగ్గర అవసరం ఉండి కూడా తమరు లేరు, రెండవ అక్షరం ఖ దగ్గర మాత్రం బుద్ధిగా పనిచేస్తున్నారు. ఒకే పేరులో ఇంత పక్షపాతం చూపగలిగినది మనమే.

సంఖ్యాశాస్త్రజ్ఞుల వారి దగ్గరికి కూడా వెళ్లివచ్చాం, మేనత్త గారి మాట కాదనలేక. ఒక్కో ఇంగ్లీషు అక్షరానికి ఒక్కో అంకె కట్టే వారి కాల్డియన్ పట్టికలో ఐ కి 1, ఈ కి 5, తమరికీ 5. అంటే ఒక ఐ తీసేసి రెండు ఈ లు పెడితే మొత్తం సరిగ్గా 9 పెరుగుతుంది. అంకెలన్నీ కలిపి ఒక్క అంకెకు కుదించే ఆ లెక్కలో 9 కలిపినా కలపకపోయినా ఒకటే. ఎస్-ఐ-టి-ఏ మొత్తం 9, ఎస్-ఈ-ఈ-టి-ఏ మొత్తం 18, అదీ చివరికి 9. తమరు చేరితే 14 గానీ 23 గానీ వస్తుంది, రెండూ 5. మా పిల్ల జాతకం మొత్తం తమరి రాకపోకల మీదే ఆధారపడి ఉందన్నమాట! పైథాగరస్ పేరుతో చలామణి అయ్యే ఇంకో పట్టికలో తమరి విలువ 5 కాదు, 8 అట. హెచ్చులకు పోవడం తమరికి కొత్త కాదనుకోండి.

పండితులు ఈ చిక్కు ఎప్పుడో విప్పారు. మన భాషల మాటలను ఇంగ్లీషు అక్షరాల్లో రాయడానికి మన దేశంలో అధికారికంగా వాడే హంటేరియన్ పద్ధతిలో త కు టి ఒక్కటే. అదే పనికి 2001లో వచ్చిన అంతర్జాతీయ ప్రమాణం ఐఎస్ఓ 15919 ప్రకారం ట కోసం టి కింద చుక్క పెడితే చాలు, త కు తమరి సాయం అక్కరలేదు. అయితే పాస్‌పోర్టులో యంత్రం చదివే వరుసలలో ఏ నుంచి జెడ్ దాకా అక్షరాలు, అంకెలు, ఖాళీలు నింపే ఒక గుర్తు తప్ప చుక్కలకు చోటు లేదు కాబట్టి ఆ పాండిత్యం పుస్తకాల్లోనే ఉండిపోయింది.

తొందరేమిటని తమరు అడగవచ్చు. 1969 నాటి జనన మరణాల నమోదు చట్టం కింద పుట్టుకను 21 రోజుల్లో తెలియజేయాలి, పేరు మాత్రం ఏడాది లోపల రుసుము లేకుండా చేర్చుకోవచ్చు. ఆ వెసులుబాటు చూసుకుని వాయిదా వేద్దామనే అనుకున్నాను. కానీ 2023 అక్టోబరు 1న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవారికి బడిలో చేరడం మొదలుకొని ఆధార్, పాస్‌పోర్టు, ఓటరు జాబితా, పెళ్లి నమోదు దాకా పుట్టిన తేదీకి జనన ధ్రువపత్రమే రుజువు. అందులో ఒకలా, టెన్త్ మెమోలో ఇంకోలా పడితే తమరి ఒక్కరి కోసం నోటరీ, ప్రమాణపత్రం, గెజిట్ అంటూ తిరగాలి. ఏ గుమాస్తా సీతను త తో పలుకుతున్నామా, ట తోనా అని అడగడు. ఈ కాగితంలో ఉన్నవే ఆ కాగితంలో ఉన్నాయా అని మాత్రమే చూస్తాడు.

కనుక ఎస్-ఐ-టి-ఏ అని నింపి, సంతకం చేసి దరఖాస్తు ఇచ్చేశాను. తమరికి నిరుద్యోగం రాకూడదని మరొక మనవి. శివ, శంకర్, శ్యామల గార్ల వద్ద ఖాళీలు చాలాకాలంగా భర్తీ కాలేదు, అక్కడికి బదిలీ కోరుకోవచ్చు. తమరికి పర్మనెంట్ ఉద్యోగం రావడం అసాధ్యమేమీ కాదు. రాజమండ్రి ఇంగ్లీషు స్పెల్లింగులో తమరు ఎన్నో ఏళ్లు ఏ పనీ లేకుండా నడుమ కూర్చున్నారు. 2015లో ఆ ఊరు రాజమహేంద్రవరం అయ్యాక అక్కడే హ గా సక్రమంగా జీతం తీసుకుంటున్నారు.

ఇట్లు,
సీత తండ్రి