నా నుదుటి మీద చాసిస్ నంబరు

మా మామగారి అంబాసిడర్‌కి రిజిస్ట్రేషన్ రెన్యువల్ చేయించాలి. 1986 మోడల్, మార్క్ 4. పదిహేనేళ్లు దాటాక ఐదేళ్లకోసారి ఈ తద్దినం తప్పదు. 2021లో ఆయనే వెళ్లి 600 రూపాయల ఫీజు కట్టి వచ్చారు. ఇప్పుడు ఇరవయ్యేళ్లు దాటిన కారుకి ఫీజు 10,000. పోనీ అంత పాతది కదా, వింటేజ్ అని గౌరవిస్తారా అంటే, దానికి 50 ఏళ్లు నిండాలట. నలభై ఏళ్ల కారు పెళ్లికాని మేనమామ లాంటిది. పిల్లల బంతిలో కూర్చోలేడు, పెద్దల బంతికి ఎవరూ పిలవరు.

చాసిస్ నంబరు, అంటే కారుకి ఫ్యాక్టరీలో వేసే గుర్తింపు నంబరు మీద కాగితం పెట్టి, పెన్సిల్ రుద్ది, ఆ ముద్ర తెమ్మన్నారు ఆర్టీవో ఆఫీసులో. తీసుకెళ్లాను. కౌంటర్లో కుర్రాడు దాన్ని ట్యూబ్‌లైటుకి ఎత్తి పట్టుకుని, ‘ఇది అయిదా, ఎస్సా సార్?’ అన్నాడు.

‘అయిదే బాబూ, ఆర్సీలో ఉంది కదా.’

‘ఆర్సీలో ఉంటే సరిపోదండీ, ఇందులో కనపడాలి.’

కనపడకపోవడానికి కారణం మా మామగారు. ఆయనకు లోకంలో ఏ సమస్యకైనా పరిష్కారం బంకే. ఎప్పుడో తొంభైల్లో, ఇంజిన్ చప్పుడు కారు లోపలికి వస్తోందని, ఇంజిన్ వెనక గోడకి ఈ చివర నుంచి ఆ చివరకి ఫెల్ట్ అంటించారు. చెప్పులు కుట్టేవాళ్లు వాడతారే, ఆ పసుపు బంక, డబ్బాకి డబ్బా. ఆ గోడకే చాసిస్ నంబరు రేకు కూడా ఉంటుందన్న సంగతి ఆయన్ని ఆపలేదు. ఫెల్ట్ ఏనాడో ఎలుకల పాలైంది. బంక మాత్రం చెక్కుచెదరలేదు. ఫోన్ చేసి ఎలా వదిలించాలని అడిగితే, ‘నేను అంటిస్తే ఊడదు అల్లుడుగారూ’ అని మురిసిపోయారు. మా ఆవిడ పక్కనే ఉంది కాబట్టి నేనూ మురిసిపోయాను.

ముప్పై వేసవులు ఇంజిన్ వేడికి మగ్గిన ఆ బంకని దగ్గర నుంచి చూస్తే అచ్చం మామిడి తాండ్ర. పైపొర ఎండి, ముడతలు పడి, గోరు తగిలితే పొడిగా రాలుతుంది. కింద పొర తేనె రంగులో పచ్చిగా ఉంటుంది. వేలు పెడితే వేలితో పాటు లేచి, దారంలా సాగి, మళ్లీ అక్కడికే వెళ్లి కూర్చుంటుంది. సబ్బునీళ్లు పోస్తే స్నానం చేసినట్టు నిగనిగలాడింది. థిన్నర్ గుడ్డతో ఒక మూల రుద్దాను. బంక అలాగే ఉంది, కారు రంగు మాత్రం గుడ్డకి వచ్చేసింది.

ఆటోనగర్లో మా మేస్త్రిని అడిగితే పద్ధతి చెప్పాడు. ముందు బ్యాటరీ వైరు ఊడదీయాలి. జుట్టు ఆరబెట్టుకునే డ్రయ్యర్‌తో బంకని వేడి చేసి, మెత్తబడగానే ప్లాస్టిక్ ముక్కతో గీకాలి. ఇనప చాకు పెడితే రేకు గీరుకుపోతుంది. మిగిలిన జిగురుని టర్పెంటైన్‌తో తుడవాలి. ‘టర్పెంటైన్ పూశాక మాత్రం డ్రయ్యర్ పెట్టకండి సార్, అంటుకుంటుంది’ అని రెండుసార్లు చెప్పాడు. రబ్బరు బంక నూనె జాతి వాటికే లొంగుతుందట, నీళ్లకి లొంగదట. అన్నీ బుద్ధిగా పాటించాను. బ్యాటరీ వైరు ఒక్కటి వదిలేశాను. స్పానర్ కనపడలేదు.

మొన్న ఆదివారం ఉదయం బానెట్ ఎత్తాను. మా ఆవిడ డ్రయ్యర్, గడువు తీరిన ఏటీఎం కార్డు, కళ్లజోడు. పావుగంటలో రేకు మీద తాండ్ర పైపొర వచ్చేసింది. కింద పచ్చిపొర వేడికి కరిగి, ఉబ్బెత్తు అంకెల మీద పల్చగా పాకంలా పరుచుకుంది. అయిదు కనపడుతోంది! నిఖార్సైన అయిదు. ఇంకాస్త దగ్గరగా చూద్దామని మడ్‌గార్డ్ మీద పొట్ట ఆనించి, ఒక కాలు గాల్లోకి లేపి, తల బానెట్ కింద పెట్టి, రేకుకి బెత్తెడు దూరంలో ముఖం ఉంచాను.

సరిగ్గా అప్పుడే పక్కింటాయన వచ్చారు. రిటైరైన ఆఫీసరు. తెల్ల అంబాసిడర్ వెనక సీట్లో కూర్చునే సర్వీసంతా గడిపారు. అందుకే ఈ కారు కనపడితే చాలు, ఆయనకి ప్రాణం లేచొస్తుంది. ‘ఏమండోయ్, ఇలాంటి బండి 2014లో ఆపేశారండీ, దేశానికి తీరని నష్టం’ అంటూ డ్రైవర్ సీట్లో ఎక్కారు. వెనక సీటు మనిషికి ముందు సీట్లో కూర్చుంటే చేతులు ఎక్కడ పెట్టుకోవాలో తెలియదు కదా. హారన్ మీద పెట్టారు.

అంబాసిడర్ హారన్ గురించి ఒక మాట చెప్పాలి. వినేవాళ్లు ఎక్కడో రోడ్డు మీద ఉంటారన్న నమ్మకంతో దాన్ని తయారు చేశారు. రేడియేటర్ దగ్గర, అంటే నా చెవికి మూరెడు దూరంలో అది ఉంటుందని, అక్కడ ఒక మనిషి ఒంటికాలి మీద తపస్సు చేస్తూ ఉంటాడని ఈ కారు తయారైన ఉత్తరపారా ఫ్యాక్టరీలో ఎవరూ ఊహించి ఉండరు. లారీ వచ్చి నా మెదడులో పార్క్ చేసినట్టయింది. తల ఎగిరి పైన బానెట్‌కి కొట్టుకుంది. బానెట్ ఆ తలని అందుకుని, బంతిని తిప్పికొట్టినట్టు కిందికి పంపింది. నుదురు వెళ్లి నేరుగా నంబరు రేకుకి తగిలింది.

తగిలి ఊరుకుంటే బాగుండేది. అతుక్కుంది.

కొద్దిసేపే, నాలుగైదు సెకన్లు. కానీ ఆ నాలుగైదు సెకన్లలో చాలా ఆలోచించాను. మామగారి పనితనం మీద మొదటిసారి నిజంగా గౌరవం కలిగింది. చేతులతో తోసుకుందామంటే ఒక చేతిలో డ్రయ్యర్ ఇంకా తిరుగుతోంది, అది నా బనీన్‌లోకి వేడిగాలి కొడుతోంది. రెండో చేయి ఎక్కడుందో తెలియలేదు. సీట్లోంచి ‘హారన్ ఇంకా పలుకుతోందండీ, భేష్!’ అని వినపడింది. నమ్మకం కుదరలేదేమో, ఇంకోసారి నొక్కారు. ఆ రెండో హారనే నన్ను ఊడబెరికింది. అందుకు ఆయనకి కృతజ్ఞత చెప్పాలంటారు మా ఆవిడ.

కొబ్బరినూనె రాసి, సబ్బుతో కడిగి, మళ్లీ నూనె రాసి కడిగాక నుదురు ఎర్రగా, శుభ్రంగానే కనిపించింది. కాస్త జిగురు తగులుతోంది అంతే. సోమవారం ఆర్టీవో ఆఫీసుకి బయల్దేరుతూ, ఆ ఎరుపు కనపడకుండా దేవుడి గదిలో విభూతి తీసి దిట్టంగా పూసుకున్నాను, ఎక్కువైంది కదాని దులిపాను.

వేలిముద్రల కోసం పోలీసులు పొడి చల్లుతారు కదా, అదే జరిగింది. విభూతి అంతా రాలిపోయి, జిగురున్నచోట మాత్రం నిలిచింది. ‘ఏమండీ, మీ నుదుటి మీద ఏదో రాసుందండీ’ అంది మా ఆవిడ. అంకెలు తిరగేసి ఉన్నాయి కాబట్టి తనకి చదవడం రాలేదు. అద్దంలో చూసుకుంటే నాకు చక్కగా చదవడం వచ్చింది. నుదుటి రాత ఎవరికీ కనపడదంటారు. నాది తెల్లటి అక్షరాలతో, ఉత్తరపారా వాళ్ల చేతిరాతలో ఉంది. అయిదు అయిదులాగే ఉంది.

తుడిస్తే పోదు, కడిగే టైము లేదు. విభూతే ఇంకా దట్టించి, కొత్త పెన్సిల్ ముద్ర పట్టుకుని వెళ్లాను. క్యూలో నా వెనకాయన చాలాసేపు నన్నే చూసి, ‘ఏ దీక్ష స్వామీ?’ అని భక్తిగా అడిగాడు. కౌంటర్ కుర్రాడు ముద్ర చూశాడు, నా నుదురు చూశాడు, మళ్లీ ముద్ర చూశాడు. అయిదు గురించి అడగలేదు. చేతులు జోడించి, ‘సర్వర్ డౌన్ స్వామీ, గురువారం రండి’ అన్నాడు.

గురువారం అంటే రేపే. ఇంట్లో కొబ్బరినూనె అయిపోయింది.