మోకాలు పట్టుకుని కూలబడటం డిఫెన్స్ కాదు

అమెరికాలో శనివారం కాలేజ్ ఫుట్‌బాల్ (సాకర్ కాదు, బంతి చేత్తో పట్టుకుని పరుగెత్తే ఆట) చూసేవాళ్లకి ఈ నాటకం బాగా తెలుసు. ఒక జట్టు హడిల్ లేకుండా, అంటే ప్లేకీ ప్లేకీ మధ్య గుంపుగా చేరి మాట్లాడుకోకుండా, చకచకా ఆడేస్తుంటుంది, అవతల డిఫెన్స్‌కి, అంటే బంతి లేకుండా అడ్డుకునే జట్టుకి, ఊపిరాడదు, అంతలో ఎవడో ఒకడు సైడ్‌లైన్ వైపు ఓసారి చూసి మోకాలు పట్టుకుని కూలబడతాడు. ఆట ఆగిపోతుంది. కాసేపటికి అదే మోకాలితో పరుగెత్తుకుంటూ తిరిగొస్తాడు. 2024 టీ20 ప్రపంచకప్‌లో బంగ్లాదేశ్ మ్యాచ్‌లో కోచ్ సైగ చేయగానే అఫ్గాన్ ఆటగాడు స్లిప్‌లో పడిపోతే మనవాళ్లు ఎన్ని మీమ్స్ వేశారు! అమెరికాలో ఏమో దీన్ని తెలివైన డిఫెన్స్ అని మెచ్చుకునేవాళ్లున్నారు, ఒళ్లు మండుతుంది.

ఈ స్పీడ్ ఆట దెబ్బ కొట్టేది కాళ్ల మీద కన్నా బెంచీ మీద. మామూలుగా మూడో డౌన్ (10 యార్డులు ముందుకెళ్లడానికి ఉన్న నాలుగు అవకాశాల్లో మూడోది) వచ్చేసరికి డిఫెన్స్ ముందు వరసలోని బరువైన లైన్‌మన్‌ని తీసేసి పాస్‌ని అడ్డుకునే కుర్రాణ్ని దింపుతుంది. కానీ ఆఫెన్స్, అంటే బంతి ఉన్న జట్టు, తన మనిషిని మారిస్తేనే అంపైర్ బంతి దగ్గర నిలబడి డిఫెన్స్‌కీ మార్చుకునే టైమ్ ఇస్తాడు. వాళ్లు ఎవర్నీ మార్చకపోతే మీరు ఇరుక్కుపోయినట్టే. అందుకని మార్చాల్సిన అవసరమే లేని పదకొండు మందిని తయారుచేసుకోవాలి, ఒక్క మాటలోనో ఒక్క చేతి సైగలోనో అందరికీ అర్థమయ్యే కాల్స్ నాలుగైదు పెట్టుకోవాలి. 2024 నుంచి హెల్మెట్‌లో రేడియో వచ్చిందిగా అంటారు. వచ్చింది, కానీ అది వినపడేది ఒక్కడికే, మిగతా పదిమందికి వాడే చెప్పాలి, ఈలోపు అవతల స్నాప్, అంటే బంతిని వెనక్కి అందించి ప్లే మొదలుపెట్టడం, అయిపోతుంది.

2012 నవంబర్‌లో స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీ జట్టు ఏం చేసిందో చూడండి. అప్పటికి ఓడిపోని నంబర్ వన్ ఒరెగాన్, ఈ స్పీడ్ ఆట ఆడించే కోచ్ చిప్ కెల్లీ జట్టు, మ్యాచ్‌కి సగటున 50కి పైగా పాయింట్లు కొడుతోంది, పైగా ఆడేది యూజీన్‌లో వాళ్ల సొంత స్టేడియంలో. ఓవర్‌టైమ్‌లో 17-14తో స్టాన్‌ఫర్డ్ గెలిచింది. మాయలేం లేవు. లైన్‌మెన్, వాళ్ల వెనక నిలబడే లైన్‌బ్యాకర్లు, ఎవడు కాపాడాల్సిన గ్యాప్ వాడు వదల్లేదు, బంతి పట్టినవాణ్ని మొదటి దెబ్బకే పడేశారు. ఒరెగాన్ ఆఫెన్స్‌ని నడిపించే క్వార్టర్‌బ్యాక్ మరియోటా ఒకసారి తప్పించుకుని 77 యార్డులు పరుగెత్తినా వెంటపడి ఆపేశారు, దాంట్లోంచి ఒక్క పాయింట్ రానివ్వలేదు. నాకైతే ఆ మ్యాచ్‌లో అన్నిటికన్నా గొప్ప ప్లే అదే. మరుసటి ఏడాది అదే ఒరెగాన్ మీద ఇంకా మొండిగా ఆడారు, బంతి పట్టుకుని పరుగెత్తే టైలర్ గాఫ్నీకి 45 సార్లు బంతి ఇచ్చి, 60 నిమిషాల్లో 42 నిమిషాలకు పైగా బంతి తమ దగ్గరే ఉంచుకుని 26-20తో గెలిచారు. బెంచీ మీద కూర్చున్న ఆఫెన్స్ ఎంత స్పీడైనా ఏం లాభం?

ఇంత కష్టం ఎందుకనుకున్నవాళ్లు రూల్స్ కమిటీ దగ్గరికి వెళ్లారు. ప్లేకీ ప్లేకీ మధ్య ఉండే 40 సెకన్ల క్లాక్‌లో మొదటి 10 సెకన్లు స్నాప్ చేయకూడదని 2014లో ఒక ప్రతిపాదన వచ్చింది, ఆటగాళ్ల సేఫ్టీ కోసమట, నిక్ సేబన్ లాంటి పెద్ద కోచ్ కూడా వెనకేసుకొచ్చాడు. గొడవై వెనక్కి తీసుకున్నారు. తమాషా ఏంటంటే అదే ఏడాది సేబన్ లేన్ కిఫిన్‌ని ఆఫెన్స్ కోచ్‌గా తెచ్చుకుని తన జట్టు అలబామా ఆఫెన్స్‌కే స్పీడు పెంచాడు. సేఫ్టీ సంగతి తర్వాత వినపడలేదు.

2025లో వచ్చిన రూల్ కొంత నయం. రెఫరీలు బంతిని స్పాట్ చేశాక, అంటే తర్వాతి ప్లే కోసం దాని చోట పెట్టాక, ఎవడైనా పడిపోయి మెడికల్ సిబ్బంది లోపలికి వస్తే ఆ జట్టుకి ఒక టైమౌట్ పోతుంది, టైమౌట్లు లేకపోతే 5 యార్డుల పెనాల్టీ. బాగానే ఉంది గానీ స్పాట్ చేయకముందే పడితే? టైమౌటూ పోదు, పెనాల్టీ లేదు. ఇన్నాళ్లూ పడిపోవడం నేర్పినవాళ్లు ఇప్పుడు రెండు సెకన్లు ముందే పడమంటారు, అంతే. నన్నడిగితే, పడినవాడు ఆఫెన్స్ చేతిలోంచి బంతి పోయేదాకా బయటే కూర్చోవాలి. నిజంగా దెబ్బ తగిలినవాడికి అది అన్యాయం అంటారా, నిజంగా తగిలితే వాడు లోపల ఉండకపోవడమే మంచిది కదా.