బీఎంఎక్స్ ట్రాక్‌కు మట్టి సర్దే చేతులు కావాలి

గుంటూరులో గోరంట్ల దాటాక ఒక కొత్త వెంచర్‌లో రోడ్ల కోసం గ్రావెల్ కుప్పలు పోసి ఉంచారు. ఒక ఆదివారం పొద్దున అటు వెళ్తే నలుగురు పిల్లలు ఆ కుప్పల మీద నుంచి సైకిళ్లతో దూకుతున్నారు. ఒకడికి పన్నెండేళ్లుంటాయేమో. రౌండ్ అయిన ప్రతిసారీ సైకిల్ పక్కన పడేసి, విరిగిన అంచు మీద బాటిల్‌తో నీళ్లు చల్లి, చెప్పుతో చరిచి గట్టి చేస్తున్నాడు. ఎందుకురా అంటే, "నీళ్లు కొట్టకపోతే మూడో రౌండుకే జారిపోద్ది అంకుల్" అన్నాడు. తర్వాతి ఆదివారానికి జేసీబీ ఆ కుప్పలను చదును చేసేసింది.

మట్టి మిట్టల ట్రాక్ మీద చిన్న సైకిళ్లతో పందెం వేసే బీఎంఎక్స్ ఆట పుట్టింది కూడా ఇలాగే. 1970 ప్రాంతంలో దక్షిణ కాలిఫోర్నియా పిల్లలు మట్టి దారుల్లో పందేలు వేసే మోటోక్రాస్ బైకులను చూసి ముచ్చటపడి, తమ చిన్న సైకిళ్లతోనే ఖాళీ స్థలాల్లో పందేలు వేసుకున్నారు. ఇప్పుడది 300 నుంచి 400 మీటర్ల ట్రాక్. 20 అంగుళాల చక్రాల సైకిళ్ల మీద ఎనిమిది మంది ఒకేసారి గేటు నుంచి దూకుతారు. అర నిమిషం దాటిన కాసేపటికే అంతా అయిపోతుంది.

మరి ఈ ట్రాక్‌లు పెరుగుతున్నాయా, తగ్గుతున్నాయా? పైపైన చూస్తే పెరుగుతున్నట్టే. 2008 బీజింగ్‌లో ఈ ఆట ఒలింపిక్స్‌లో చేరింది. 2024 పారిస్‌లో పురుషుల మూడు పతకాలూ ఫ్రాన్స్ రైడర్లే గెలిచారు. అమెరికాలో 300కు పైగా ట్రాక్‌లున్నాయి. అయితే అక్కడే 1980ల మధ్యలో పిల్లలు సైకిల్ మీద విన్యాసాలు చేసే ఫ్రీస్టైల్ వైపు మళ్లగానే మొదటి ఊపు చల్లబడింది. పోటాపోటీగా నడిచిన రెండు సంఘాలు చివరికి 2011లో కలిసిపోయాయి.

నాకు మాత్రం ఈ లెక్క కంటే, ట్రాక్‌లు ఎందుకు మూతపడతాయన్నదే ముఖ్యం. అమెరికాలో చాలా ట్రాక్‌లు మున్సిపల్ పార్కు స్థలాల్లో ఉంటాయి. వాటిని నడిపేది జీతం లేని తల్లిదండ్రులు. పిల్లవాడు పెద్దయి కాలేజీకి వెళ్లాక, ఆ తండ్రి శనివారం పార పట్టుకుని రావడం మానేస్తాడు. ఆయన జాగాలోకి ఇంకొకరు రాకపోతే రెండు వానలకు మిట్టలు కరిగి, మూడో ఏడాదికి గడ్డి మొలుస్తుంది. చేను గట్టు సంగతి తెలిసినవాళ్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. ఏటా మట్టి వేయని గట్టు నిలవదు.

మన దగ్గర మట్టే పెద్ద సమస్య. గుంటూరు చుట్టుపక్కల నల్లరేగడి వానకు ఉబ్బుతుంది, ఎండకు అరచేయి పట్టేంత నెర్రెలిస్తుంది. దాని మీద నేరుగా మిట్టలు పోస్తే ఒక్క సీజన్ కూడా ఆగవు. కింద గ్రావెల్ వేసి, రోలర్ తొక్కించి, పైన క్వారీ డస్ట్ పరిచి, వాలు మలుపులకు తారు వేయాలి. విజయవాడలోనైతే ముందు నీళ్లు పోయే దారి చూడాలి. 2024 సెప్టెంబర్‌లో బుడమేరు నీళ్లు సింగ్‌నగర్‌లో రోజుల తరబడి నిలిచిన సంగతి ఎవరూ మర్చిపోలేదు.

అందుకే చాలా దేశాల్లో తారు పంప్ ట్రాక్‌లు వచ్చాయి. తొక్కకుండానే ఒంటి ఊపుతో సైకిల్‌ను ముందుకు నడిపే ట్రాక్ అది. వానకు కరగదు, స్కేట్‌బోర్డు పిల్లలకూ పనికొస్తుంది. 2018 నుంచి దీనికి ప్రపంచ పోటీలు కూడా జరుగుతున్నాయి. మన నగరాల్లో మొదట కట్టాల్సింది ఇదేనని నా నమ్మకం. కానీ బీఎంఎక్స్ పనంతా దీనితో అయిపోదు. గేటు పడిన క్షణంలో పక్కవాడి మోచేయి తగులుతుంటే మొదటి మలుపులోకి దూరే ధైర్యం పంప్ ట్రాక్ నేర్పదు. అది ఎనిమిది మందితో గేటు దగ్గర నిలబడితేనే వస్తుంది.

ఇంత చిన్న ఆటకు అంత ఖర్చా అనేవాళ్లు లాట్వియాను చూడాలి. ఇప్పుడు అక్కడి జనాభా 20 లక్షలు కూడా లేదు. మన విజయవాడ, గుంటూరు కలిపితే ఇంచుమించు అంతే. అక్కడి మారిస్ ష్ట్రోంబెర్గ్స్ 2008, 2012 రెండు ఒలింపిక్స్‌లోనూ స్వర్ణం తెచ్చాడు. లండన్‌లోని పెక్‌హామ్ అనే పేటలో నడిచే క్లబ్ నుంచి వచ్చిన కై వైట్ టోక్యోలో రజతం గెలిచాడు. అదే టోక్యోలో స్వర్ణం గెలిచిన బెత్ ష్రీవర్‌కు, మధ్యలో బ్రిటన్ ప్రభుత్వ నిధులు ఆగిపోతే ఆన్‌లైన్ చందాలే దిక్కయ్యాయి. విజయవాడ అమ్మాయి, ఆర్చర్ జ్యోతి సురేఖ హాంగ్‌ఝౌ ఆసియా క్రీడల్లో మూడు స్వర్ణాలు కొట్టింది. అదీ ఏళ్ల తరబడి పొద్దున్నే గ్రౌండ్‌కు తీసుకెళ్లిన ఇంటివాళ్లు, దగ్గరుండి నేర్పిన కోచ్‌లు ఉండబట్టే.

ట్రాక్‌ను ఊరికి దూరంగా ఏదో స్పోర్ట్స్ సిటీలో కడితే, కారున్న ఇంటి పిల్లలే వెళ్లగలరు. సింగ్‌నగర్ పిల్లాడు, నల్లపాడు పిల్లాడు తన సైకిల్ తొక్కుకుంటూ పది నిమిషాల్లో చేరేంత దగ్గరలో ఉండాలి. గుంటూరు, విజయవాడ కార్పొరేషన్లు రెండింటినీ నేను అడిగేది ఒక్కటే. ట్రాక్ ఫైలులో నిర్మాణం ఖర్చు కిందే ఒక నీళ్ల కనెక్షన్, ఒక చిన్న రోలర్, రోజూ మిట్టలు సర్దడానికి జీతం మీద ఒక మనిషి, ఐదేళ్లకు సరిపడా రాయండి. అవి లేని ఫైలు మీద సంతకం పెట్టొద్దు.