సబ్బుకు తాళం, గోడకు పోస్టర్

ఆసుపత్రికి ఒక జబ్బుతో వెళ్ళి రెండు జబ్బులతో తిరిగి వచ్చే సౌకర్యం సంపన్న దేశాల్లో కంటే పేద దేశాల్లోనే ధారాళంగా దొరుకుతుందన్న సంగతికి ఇప్పటివరకూ తగిన ప్రచారం రాలేదు. ప్రపంచ ఆరోగ్య సంస్థ 2022లో వెలువరించిన నివేదిక ప్రకారం, ఆసుపత్రిలో చేరిన ప్రతి 100 మందిలో సంపన్న దేశాల్లో ఏడుగురికి, అల్ప, మధ్య ఆదాయ దేశాల్లో 15 మందికి అక్కడే కొత్త ఇన్ఫెక్షన్ అంటుకుంటోంది. అలా అంటుకున్నవారిలో సగటున పదింట ఒకరు చనిపోతున్నారు. అడగకుండానే రెట్టింపు ముట్టజెప్పే ఉదారత ప్రభుత్వ వ్యవస్థల్లో మరెక్కడా కనిపించదు.

ఈ ఉదారతను అదుపు చేసే బాధ్యతను అధికారులు ఏనాడో చేతులు కడుక్కోమనే పోస్టర్‌కు అప్పగించారు. నేను చూసిన ఒక ప్రసూతి వార్డులో అది సింక్ పైన మేకులు కొట్టి ఉంది: అరచేతులు ఎలా రుద్దాలో, వేళ్ళ సందులు, బొటనవేలు, గోళ్ళ కొనలు ఎలా తోమాలో చక్కటి రంగుల బొమ్మలు, వాటి మీద నీటిచుక్క పడినా చెడకుండా ప్లాస్టిక్ పొర. ఆ పొరకు ఇంతవరకూ పరీక్ష ఎదురవలేదు, ఎందుకంటే కింద ఉన్న కొళాయి తిప్పితే గొంతు సవరించుకున్నట్టు ఒక చప్పుడు చేసి ఊరుకుంటుంది. సబ్బు లేదనడం అన్యాయం. సబ్బు బీరువాలో ఉంది, తాళంచెవి స్టోర్‌కీపర్ దగ్గర ఉంది, స్టోర్‌కీపర్ సెలవులో ఉన్నాడు. బకెట్లో పట్టి ఉంచిన నీళ్ళలో వేళ్ళు ముంచిన ప్రతివారూ ఒకే తువాలుకు తుడుచుకుంటున్నారు. డాక్టరు, ఆయా అన్న తేడా చూపని ఆ తడి తువాలు మీద క్లెబ్సియెల్లా అనే ఆసుపత్రి క్రిమి కూడా ఎవరి హోదా ఏమిటని అడగదు.

ఇంత చేసినా ఇన్ఫెక్షన్లు తగ్గకపోతే తప్పు నర్సుదేనని శిక్షణా తరగతుల్లో తేల్చారు. లెక్క చూద్దాం. నలభై మంది రోగులకు ఒకే నర్సు. ఒక్కొక్కరిని డ్యూటీలో నాలుగుసార్లు తాకుతూ, ముట్టుకునే ముందు ఒకసారి, తర్వాత ఒకసారి చేతులు కడుక్కుంటే 320 సార్లు. సబ్బుతో కనీసం 40 సెకన్ల చొప్పున మూడున్నర గంటలు దాటుతుంది. ఎనిమిది గంటల డ్యూటీలో మిగిలిన సమయంలో ఆమె సెలైన్లు, సూదులు, కట్లు, కాన్పులు, రిజిస్టర్లు చూసుకోవచ్చు. ఇంకా నిర్లక్ష్యమేమిటని సూపరింటెండెంటుగారు ఆశ్చర్యపోవడం సహజమే.

ఈ విషయంలో తొందరపాటు ఎంత ప్రమాదమో చరిత్ర చెబుతూనే ఉంది. 1847లో వియన్నాలో ఇగ్నాజ్ సెమ్మెల్‌వైస్ అనే వైద్యుడు, శవపరీక్షలు చేసిన చేతులతోనే కాన్పులు చేయవద్దని, క్లోరిన్ కలిపిన నీళ్ళతో కడుక్కోమని తోటివారిని నిర్బంధించాడు. బాలింతల మరణాలు నూటికి పద్దెనిమిది నుంచి కొద్ది వారాల్లోనే రెండుకు దిగజారాయి. పెద్దమనుషుల చేతులు మురికివన్నందుకు వారు ఆయన్ను క్షమించలేదు. 1865లో పిచ్చాసుపత్రిలో, గాయం చీముపట్టి, ఆయన తాను ఆపదలచిన జాతి జబ్బుతోనే పోయాడు. ఆ తరువాతి వారు గుణపాఠం నేర్చుకుని పోస్టర్ దగ్గరే ఆగారు.

నీళ్ళు లేనిచోట పనికొచ్చే ఉపాయం ఒకటి ఉందన్నది నిజమే. 80 శాతం ఇథనాల్, కాస్త గ్లిజరిన్, కాస్త హైడ్రోజన్ పెరాక్సైడ్ కలిపితే చేతులకు రాసుకునే ద్రావణం తయారవుతుంది, ఇరవై ముప్పై సెకన్లలో పని అయిపోతుంది; ఆ సూత్రాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థే బయటపెట్టింది, ఆసుపత్రి ఫార్మసీలోనే కలుపుకోవచ్చు. కానీ ఆసుపత్రిలోనే కలుపుకుంటే టెండర్ ఎవరికి ఇవ్వాలి? అందుకని చేతుల శుభ్రతకు బదులు, ఆపరేషన్ అయిన తర్వాత కూడా రోజుల తరబడి యాంటీబయాటిక్ ఎక్కించడమే పద్ధతిగా ఉంటుంది. దానికి ఒక్క సంతకం చాలు, సబ్బు ఇండెంటుకు మూడు కావాలి. ఆ మందుకు లొంగని క్రిములు పుట్టుకొస్తే వాటికి మరింత ఖరీదైన మందు ఉంటుంది, దానికీ ఒక్క సంతకమే.

ఏటా మే 5న, చేతుల శుభ్రత దినాన, బీరువా తెరుచుకుంటుంది. కాగితం విప్పని సబ్బును సింక్ అంచున పెట్టి, అందరూ చేతులు చాచి ప్రతిజ్ఞ చేసి, ఫొటో దిగుతారు. సాయంత్రానికి స్టోర్‌కీపర్ దాన్ని వెనక్కి తీసుకుని స్టాక్ రిజిస్టర్‌లో రాస్తాడు: సబ్బు ఒకటి, వాడలేదు, తిరిగి అందినది.